మంత్రం పలికినోళ్లకే నిద్ర పట్టలేదు: తైవాన్ హారర్ 'ఇన్‌కాంటేషన్' మీద ఒక ఎడిటర్ కేస్ స్టడీ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో క్లైమాక్స్ మొత్తం చెప్పేస్తాను, సినిమా చూడనోళ్లు చూసొచ్చి చదవండి, లేకపోతే మీకే నష్టం.

నేను చేసేది ఎడిటింగ్, ఎక్కువగా హారర్లు, థ్రిల్లర్లే వస్తుంటాయి నా దగ్గరికి. ఫస్ట్ కట్ అయ్యాక యూనిట్‌తో సంబంధం లేనోళ్లని పిలిచి ప్రివ్యూ వేస్తాం కదా, అప్పుడు నేను తెర పక్కన కుర్చీ వేసుకుని జనం వైపు తిరిగి కూర్చుంటా. ఎవరు ఎక్కడ ఫోన్ తీశారు, ఎక్కడ పక్కోళ్ల చెయ్యి పట్టుకున్నారు, ఎక్కడ నవ్వారు, అవన్నీ టైమ్‌కోడ్‌తో (సినిమాలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని) సహా రాసుకుంటా. సినిమా అయ్యాక వాళ్లు నోటితో చెప్పే మాటల కన్నా ఈ నోట్సే నాకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే బయటికొచ్చాక అందరూ "బాగుంది, భయమేసింది" అనే అంటారు. పోతే నాకు ఎప్పట్నుంచో ఒక సందేహం ఉంది, హాల్లో కుర్చీలో ఎగిరిపడ్డ భయం పార్కింగ్‌లో బండి తీసేలోపే ఎందుకు పోతుంది, కొన్ని సినిమాల భయం మాత్రం ఇంటికొచ్చి బాత్రూమ్ దాకా ఎందుకు వెంటపడుతుంది అని. దీనికి నాకు దొరికిన అన్నిట్లో తేటగా ఉన్న కేసు ఈ తైవాన్ సినిమా.

కెవిన్ కో డైరెక్టర్. 2022 మార్చి 18న తైవాన్ థియేటర్లలో రిలీజ్ అయింది, తైవాన్‌లో తీసిన హారర్ సినిమాల్లో అప్పటిదాకా లేనంత వసూళ్లు చేసింది, దాదాపు 17 కోట్ల తైవాన్ డాలర్లు. జులై 8న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక ప్రపంచం మొత్తం చూసింది, మన తెలుగోళ్లు కూడా ఎక్కువమంది అక్కడే చూశారు. 2005లో కావోష్యుంగ్ సిటీలో ఒక కుటుంబం తమని దేవతలు పూనారని అనుకుని ఒకళ్లనొకళ్లు హింసించుకుని, చివరికి పెద్ద కూతురు చనిపోయిన కేసు ఒకటి జరిగింది, ఈ కథకి మొదటి ఊపు అక్కడిదే. సినిమాలో ఉన్న దేవత, గుర్తు, మంత్రం మాత్రం సినిమా టీం సొంతంగా కల్పించుకున్నవి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కథ క్లుప్తంగా. లీ రోనాన్ అనే అమ్మాయి, తన బాయ్‌ఫ్రెండ్, అతని కజిన్, ముగ్గురూ దెయ్యాల వీడియోలు తీసేవాళ్లు. బాయ్‌ఫ్రెండ్ వాళ్ల కులదైవం ఉన్న కొండ ఊరికి వెళ్లి, వెళ్లకూడదన్న సొరంగంలోకి కెమెరా పట్టుకుని వెళ్తారు. అప్పటికే రోనాన్ కడుపుతో ఉంది. ఆరేళ్ల తర్వాత, ఫోస్టర్ హోమ్‌లో (అమ్మానాన్నల దగ్గర లేని పిల్లల్ని పెంచే చోటు) పెరుగుతున్న కూతురు డోడోని ఇంటికి తెచ్చుకుంటుంది, శాపం కూడా వెంటే వస్తుంది. మొత్తం కెమెరా ఫుటేజ్ లాగా, ముందుకీ వెనక్కీ తిప్పుతూ చెప్తారు.

అసలు పని మాత్రం మొదటి ఐదారు నిమిషాల్లోనే జరిగిపోతుంది. రోనాన్ నేరుగా మనతో మాట్లాడుతుంది. ఒక జెయింట్ వీల్ తిరుగుతూ కనిపిస్తుంది, దాన్ని మనసులో అటు తిరగమంటే అటు, ఇటు తిరగమంటే ఇటు తిరుగుతుంది చూడండి అంటుంది. తర్వాత ఒక రైలు, ముందుకెళ్తోందా వెనక్కెళ్తోందా మీ ఇష్టం అంటుంది. నిజంగానే మారుతుంది. దీన్లో మాయేం లేదు, లోతు తెలిపే ఆనవాళ్లు తీసేసిన బొమ్మని మెదడు రెండు రకాలుగానూ చదవగలదు, దానంతట అదే మార్చుకుంటూ ఉంటుంది, ఆవిడ మాట మనల్ని ఆ మార్పు కోసం ఎదురుచూసేలా చేస్తుంది, అంతే. కానీ చూసేవాడికి "నా సంకల్పంతోనే మారింది" అనిపిస్తుంది. వెంటనే ఆవిడ ఒక గుర్తు చూపించి, ఒక మంత్రం చెప్పి, నా కూతురికి మంచి జరగాలని మీరు కూడా మనసులో అనుకోండి అని అడుగుతుంది. ఎవరు కాదంటారు చెప్పండి, పసిపిల్ల కోసం ఒక తల్లి అడుగుతుంటే.

చివర్లో తెలిసేది ఏంటంటే అది దీవెన మంత్రం కాదు. శాపంలో నేనూ వాటా తీసుకుంటున్నాను, నా పేరు సమర్పిస్తున్నాను అని ఒప్పుకోవడం దాని అర్థం. ఎంతమంది పలికితే శాపం అంత పలచబడుతుంది, కూతురి మీద అంత బరువు తగ్గుతుంది. అందుకే ఆవిడ ఈ వీడియో తీసింది, అందుకే మనకి చూపించింది, ఆఖర్న ఆ దేవత మొహం మీద గుడ్డ తీసి మరీ చూపించింది.

నేను దీన్ని కృష్ణానగర్‌లో మా ఎడిట్ సూట్‌లో ప్రొజెక్టర్ పెట్టి కొంతమందికి వేశాను. ఒక అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ), ఒక డబ్బింగ్ ఆర్టిస్ట్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మా ఫ్రెండ్, కింద పోర్షన్‌లో ఉండే అక్క, ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్‌లో చేరిన ఆవిడ కొడుకు, ఇంకా మా సూట్‌లో వాళ్లే ఒకరిద్దరు. వీళ్లలో ఎవరికీ సినిమా గురించి ముందు తెలీదు. కేసు అంటే ఈ గది, దాంతో పాటు సినిమా వచ్చాక జనం బయట మాట్లాడుకున్న తీరు, రెండూ కలిపి రాస్తున్నా.

మొదట పలికింది డబ్బింగ్ అమ్మాయి. గట్టిగా కాదు, పెదాలు కదిలాయంతే. వాళ్లకి అది వృత్తి అలవాటు, తెర మీద పెదాలు కదిలితే తనవీ కదులుతాయి. మా సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్ మాత్రం పెద్ద గొంతుతో, గుర్తు కోసం చేతులు కూడా పెట్టి, నవ్వుతూ పలికాడు. వాడు దేవుణ్ణి గానీ దెయ్యాన్ని గానీ నమ్మడు, ఇలాంటివి చూస్తే ఆటపట్టిస్తాడు. అబ్బాయి వాణ్ని చూసి పలికాడు. ఏడీ పలకలేదు కానీ సబ్‌టైటిల్ చదివాడు, చదవక తప్పదు కదా, అక్షరాలు కళ్ల ముందుంటే మనసు దానంతట అదే చదివేస్తుంది, ఆపుకోవడం ఎవరి తరం కాదు. బయటి దేశాల్లో సబ్‌టైటిళ్లతో చూసిన వాళ్లందరికీ ఇదే జరిగి ఉంటుంది, నోరు మూసుకున్నా మంత్రం లోపలికి వెళ్లిపోయింది.

పలకకూడదని పట్టుబట్టింది మాత్రం అక్క ఒక్కతే. పలకలేదు సరే, కొడుకు పలుకుతుంటే వీపు మీద ఒక్కటి వేసి "తెలియని మంత్రం నోట్లోకి తెచ్చుకోకూడదురా, ఎవరిదో ఏంటో" అంది. ఆవిడ రోజూ దీపం పెడుతుంది, శుక్రవారం లలిత చదువుతుంది, గురువు ఉపదేశం లేకుండా మంత్రం తీసుకోకూడదన్నది వాళ్లింట్లో చిన్నప్పట్నుంచీ ఉన్న కట్టుబాటు. గదిలో అందరి కన్నా ఎక్కువ నమ్మకాలున్న మనిషి ఆవిడే, క్లైమాక్స్‌లో అందరి కన్నా నిమ్మళంగా ఉన్నదీ ఆవిడే. ఆ తల్లి గుట్టు బయటపడ్డ క్షణంలో నా నోట్స్‌లో ఏముందంటే, ఫ్రెండ్ నవ్వు ఆపేశాడు, కాళ్లు కుర్చీ మీదకి లాక్కున్నాడు, అబ్బాయి అమ్మ వైపు చూశాడు, డబ్బింగ్ అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క కళ్లు తుడుచుకుంది. ఆవిడకి భయం కాదు, ఆ తల్లి మీద జాలి. తర్వాత అడిగితే "ఏ తల్లైనా అదే చేస్తుంది బాబూ, పైగా నేను సంతకం పెట్టలేదుగా" అంది. సంతకం అనే మాట నేను అందించింది కాదు, ఆవిడ నోటి నుంచే వచ్చింది, ఈ కేసు మొత్తానికి అంతకన్నా మంచి మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఫ్రెండ్ ఫోన్. "మామా, అది నిజంగా వాళ్లు సొంతంగా పెట్టుకున్న మంత్రమేనా, ఏదైనా పాత పుస్తకంలోంచి తీసుకున్నారా" అని. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదంట. భయపడుతున్నావా అంటే లేదు, ఊరికే తెలుసుకుందామని అన్నాడు, కల్పితమే అని చెప్పాక ఊపిరి పీల్చుకోవడం ఫోన్‌లో వినిపించింది. డబ్బింగ్ అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది, "అన్నా, మనసులో అనుకున్నా లెక్కేనా?" ఇదే ప్రశ్న సినిమా వచ్చిన కొత్తలో దేశదేశాల జనం ఒకళ్లనొకళ్లు అడిగారు. నేను పలికాను నాకేమైనా అవుతుందా, సగం పలికి ఆపేశాను పర్లేదా, చివరి పది నిమిషాలు చూడకపోతే తప్పించుకోవచ్చా, ఇలాంటివి. ఏ దెయ్యం సినిమా చూసి కూడా జనం "నాకు వర్తిస్తుందా" అని ఇంతగా అడిగినట్టు నాకు తెలీదు. మామూలుగా హీరోయిన్‌కి ఏమైంది అని అడుగుతారు, ఇక్కడ నాకేమవుతుంది అని అడిగారు.

నమ్మనివాడికి ఎందుకు గుచ్చుకుంది అన్నదాని మీద నేను చాలా ఆలోచించాను. 1986లో అమెరికాలో పాల్ రోజిన్ అనే సైకాలజిస్ట్, ఆయనతో పనిచేసేవాళ్లు ఒక ప్రయోగం ప్రచురించారు. రెండు సీసాల్లోనూ మామూలు చక్కెరే, అది పాల్గొనేవాళ్ల కళ్ల ముందే పోశారు. రెండు లేబుళ్లిచ్చారు, ఒకదాని మీద చక్కెర అని, ఇంకోదాని మీద సోడియం సయనైడ్ అని. ఏది దేనికి అంటించాలో వాళ్లనే నిర్ణయించుకోమని, వాళ్ల చేత్తోనే అంటించమన్నారు. తర్వాత రెండిట్లోంచి కలిపిన నీళ్లు తాగమంటే సయనైడ్ అని రాసున్న సీసాలోది తాగడానికి వెనకాడారు. తమ చేత్తో అంటించిన లేబులే, లోపల చక్కెరే అని తెలుసు, అయినా సరే. అంటే బుద్ధికి తెలిసింది ఒంటికి ఎక్కదు. మా ఫ్రెండ్‌కి ఆ రాత్రి జరిగింది ఇదే అని నా నమ్మకం, వాడి బుద్ధి ఏమీ మారలేదు, కానీ పలికిన నోరు వాడిదే.

మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అది రాసిన అందరూ నమ్మి రాయలేదు, పోయేదేముంది అని రాసినవాళ్లే ఎక్కువ. ఈ మెసేజ్ పదిమందికి పంపితే శుభవార్త, పంపకపోతే కీడు అన్న ఫార్వర్డ్‌లు కూడా అంతే, అంతకుముందు పోస్టుకార్డులు, గుడి బయట పంచే కరపత్రాలు. చదువుకున్నోళ్లు కూడా గుట్టుగా పంపేసేవాళ్లు. ఈ సినిమా మొత్తం ఆ అలవాటు మీదే నిలబడింది.

ఇంకోటి ఉంది, అది క్రాఫ్ట్ సంగతి. అడిగే వరస చూడండి. ముందు జెయింట్ వీల్ తిప్పమంది, ఖర్చు లేని పని. తర్వాత రైలు. తర్వాతే మంత్రం. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఇళ్లకెళ్లి చేసిన ప్రయోగం ఇలాంటిదే, జాగ్రత్తగా బండి నడపండి అని చిన్న స్టిక్కర్ లాంటిది పెట్టుకోవడానికి ముందు ఒప్పుకున్నవాళ్లు, కొన్నాళ్ల తర్వాత ఇంటి ముందు పెద్ద వికారమైన బోర్డు పాతుకోవడానికి కూడా మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువగా ఒప్పుకున్నారు. చిన్న ఊ కొట్టించుకుంటే పెద్ద ఊ తేలిక. దానికి తోడు మంత్రం అడిగే చోట దెయ్యం లేదు, చీకటి లేదు, ఉలికిపాటు సౌండ్ లేదు, తల్లి గొంతు, అంతే. ప్రేక్షకుడు జాగ్రత్తపడే సమయం అది కాదు. భయపెట్టే సీన్లో అడిగుంటే ఒక్కరు పలికేవాళ్లు కాదు.

ఇప్పుడు పోలిక ఒకటి చెప్పాలి, ఇది లేకపోతే కేసు పూర్తికాదు. 1998 జనవరి 31న జపాన్‌లో హిదేయో నకాతా తీసిన 'రింగు' రిలీజ్ అయింది. శాపమున్న వీడియో టేప్ చూస్తే ఏడు రోజుల్లో చస్తారు, తప్పించుకోవాలంటే కాపీ తీసి ఇంకొకళ్లకి చూపించాలి. ఆఖర్న తల్లి తన కొడుకుని కాపాడుకోడానికి టేపు పట్టుకుని కారులో తన సొంత నాన్న దగ్గరికి బయల్దేరుతుంది. అక్కడ కూడా తల్లే, బిడ్డ కోసమే, శాపాన్ని ఇంకొకళ్ల నెత్తిన పెట్టడమే. కాకపోతే అక్కడ బలయ్యేది తాత, మనం కుర్చీలో కూర్చుని ఆ తాత గురించి బాధపడతాం. 24 ఏళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమాలో తాత స్థానంలో మనల్నే కూర్చోబెట్టారు. నా దృష్టిలో రెండు సినిమాల మధ్య ఉన్న దూరమంతా ఇదే, మిగతా పోలికలన్నీ పైపైవి.

తైవాన్‌లో చూసినవాళ్లకి ఇది ఇంకా దగ్గరగా తగిలి ఉండాలి. వాళ్లకి చాంద్రమానం ఏడో నెల దెయ్యాల నెల, పూర్వీకులతో పాటు దిక్కులేని ఆత్మలు కూడా బయట తిరుగుతాయని నమ్మకం, ఆ రోజుల్లో రాత్రిపూట మనిషిని పూర్తి పేరుతో పిలవకూడదంటారు, పేరు వినపడితే ఏదైనా వెంటపడుతుందని. అలాంటి చోట "నీకు తెలియకుండానే నీ పేరు ఇచ్చేశావు" అంటే అది ఉత్త సినిమా డైలాగ్ కాదు.

సినిమా అంతటా ఈ పట్టు ఉందా అంటే లేదు. మా గదిలో ఫోన్లు వెలిగింది మధ్యలో, సొరంగం ఎపిసోడ్ ముక్కలు ముక్కలుగా వచ్చే చోట. ఏడీ అయితే "ప్రాణాలు పోతుంటే కెమెరా ఎవడు పట్టుకుంటాడు అన్నా" అని గొణుగుతూనే ఉన్నాడు, ఈ మాట ప్రపంచమంతా అన్నారు, న్యాయమే. దొరికిన ఫుటేజ్ అని చెప్పి వెనకాల మ్యూజిక్ ఎలా వస్తోంది, కొన్ని యాంగిళ్లు ఎవరు తీశారు, ఈ ప్రశ్నలకి నా దగ్గర కూడా సమాధానం లేదు. చర్మం మీద గుంతలు గుంతలుగా పుండ్లు వచ్చే షాట్లు కూడా ఉన్నాయి, అవి చూసి డబ్బింగ్ అమ్మాయి మొహం తిప్పేసుకుంది, చాలామంది వాటినే తలుచుకుంటారు, కానీ అది అసహ్యం, భయం వేరు. అసహ్యం ఇంటిదాకా రాలేదు, నేను అడిగినవాళ్లలో మర్నాడు ఎవరూ ఆ షాట్ల గురించి ఎత్తలేదు.

కోపం సంగతి. సినిమా అయ్యాక అబ్బాయి నిజంగానే కోపంగా ఉన్నాడు, "ముందే చెప్పాలి కదా అంకుల్, మనల్ని మోసం చేశారు" అని. వాడి మొహంలో ఎర్రదనం చూస్తే నాకు బాధేసింది. బయట కూడా ఇదే చీలిక వచ్చింది, ఒక గుంపు అద్భుతమైన ట్రిక్ అంది, ఇంకో గుంపు అనుమతి లేకుండా మమ్మల్ని లాగారు అంది. మా రంగంలో చాలామంది ఈ రెండో గుంపుని "సినిమాని సినిమాలా చూడాలి" అని కొట్టిపారేస్తారు. నేను అలా అనలేను. అబ్బాయి పలికింది ఒక పసిపాపకి మేలు జరగాలని, ఆ మంచితనాన్నే వాడుకున్నారు. కథలో రోనాన్ చేసిన ద్రోహమూ అదే కాబట్టి కళగా చూస్తే అది పక్కాగా కుదిరింది, ప్రేక్షకుడు ద్రోహాన్ని చూడ్డంతో ఆగలేదు, అనుభవించాడు. అయినా ఆ కోపం న్యాయమైనదే, దాన్ని సినిమా మోయాలి, ఎదుటివాడి తెలివితక్కువ కింద జమకట్టకూడదు. వాడితో ఆ రాత్రే కూర్చుని మంత్రం, దేవత మొత్తం కల్పితమని, జెయింట్ వీల్ ఎలా పనిచేస్తుందో మళ్లీ వేసి చూపించి చెప్పాను, బొమ్మ ఆపి, మెల్లగా నడిపి, ఏ ఆనవాళ్లు తీసేశారో చూపిస్తే అప్పుడు నవ్వాడు. ఇందుకే ఇక్కడ కూడా ఆ మంత్రం అక్షరాలు నేను రాయలేదు, చదివేవాళ్లలో దీన్ని తలకెక్కించుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, కళ్ల ముందు పెడితే వాళ్లకి ఎంచుకునే వీలుండదు.

పనిలోకి ఏం తెచ్చుకున్నాను అంటే, ప్రస్తుతం నా టేబుల్ మీద ఒక హారర్ ఉంది, పేరు చెప్పలేను. ఒక ఇంట్లో పూజగది తలుపు రాత్రి తెరవకూడదు అన్న చిన్న కట్టుబాటు మీద కథ. ప్రొడ్యూసర్ గారికి మొదటి రీల్లోనే రెండు పెద్ద ఉలికిపాట్లు కావాలి, సౌండ్ ఇంకా పెంచండి అంటారు, ఆయన కష్టం ఆయనది, ట్రైలర్‌కి ముక్కలు కావాలి కదా. నేను ఆయన్ని అడిగింది ఒక్కటే, మొదటి రీల్లో పిల్ల తలుపు దగ్గర నిలబడి లోపల దీపం వెలుగుతుందా లేదా అని తలుపు సందులోంచి చూసే షాట్ ఉంది, దాన్ని పొడవుగా ఉంచనివ్వండి అని. ఆ షాట్లో ప్రేక్షకుడు కూడా మెడ వంచి సందులోంచి తొంగిచూడాలి, తలుపు ఇంకొంచెం తెరుచుకుంటే బాగుండు అని వాడికే అనిపించాలి. మూడో రీల్లో తలుపు తెరుచుకున్నాక జరిగేదాన్లో అప్పుడు వాడికీ వాటా ఉంటుంది. మోసం లేదు, పలకమని అడగడం లేదు, కోరుకోనిస్తున్నాం అంతే. ప్రివ్యూలో నేను చూడబోయేది కూడా అదే, ఎంతమంది అరిచారు అని కాదు, ఆ షాట్లో ఎన్ని మెడలు వంగాయి అని. వంగకపోతే షాట్ కోసేసి ప్రొడ్యూసర్ గారు చెప్పిన ఉలికిపాటు పెట్టేస్తానని మాటిచ్చాను, వచ్చే నెలలో వేస్తున్నాం, అక్కని కూడా పిలిచాను.